మారిట్ చెప్పిన రేటు

ఆ ఉదయం హెరాన్ బే ఊరి మీదికి సరస్సులోంచి పొగమంచు ఎక్కి వచ్చింది. మామూలు పొగమంచు కాదు. దారి కనబడక టోలెఫ్‌సన్ వాళ్ల ఆవులు పక్కవాళ్ల పాకలోకి, పక్కవాళ్లవి వీళ్ల పాకలోకి పోయి పాలిచ్చి వచ్చాయనీ, కాఫీ రుచి మారితే గాని రెండిళ్లవాళ్లకూ ఆ సంగతి తెలియలేదనీ మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు ఆ కాఫీ తాగి ఉండరు, అంతే.

టోలెఫ్‌సన్ వాళ్ల వంటింట్లో వెర్నా పై అనే తీపి వంటకం కోసం పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతోంది. అత్తగారు గుడ్రన్ కిటికీ పక్కన కూర్చుని ఊలు మేజోడు అల్లుతోంది. భర్త ఆరిన్ పాలు పితికి వచ్చి, రెండో కప్పు కాఫీలోకి చూస్తూ ఏదో మెత్తటి ఆలోచనలో ఉన్నాడు. పద్నాలుగేళ్ల మారిట్ మేడమెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు గాలిలోకి చూస్తూ, “గంటకు డాలరండీ,” అని ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి నవ్వుతూ అని చూసుకుంటోంది.

“ఎవరితోనే ఆ మాటలు?” అంది వెర్నా.

“రాబోయే బేరంతో అమ్మా.”

ఆ వసంతంలో చర్చి కింది గదిలో పిల్లల్ని చూసుకోవడం ఎలాగో ఊళ్లో ఆడపిల్లలకు నేర్పారు. నేర్చుకున్నాక జోలీన్, మారిట్, ఇంకో ఇద్దరు కలిసి ఒక మాట అనుకున్నారు. ఒక బిడ్డకు గంటకు డాలరు, పైన ప్రతి బిడ్డకూ పావు డాలరు, ఎవరూ అంతకు తగ్గకూడదు. మారిట్ ఇంకా ఒక్క ఇల్లు కూడా పట్టలేదు. ఆ డాలరు గురించి కలలు కనడం మాత్రం మొదలుపెట్టింది. దానితో ఏం కొనాలో కాదు, దాన్ని అడిగేటప్పుడు తాను ఎలా నిలబడాలో అని.

అప్పుడే ఫోన్ మోగింది. వెర్నా తీసింది. అవతల రోజలీ ఫెరారో. చికాగో నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం. భర్తకు కాగితాల మిల్లులో ఉద్యోగం, ఆవిడకేమో ఇప్పుడు లైబ్రరీలో పని దొరికింది. వేసవంతా వారానికి మూడు రోజులు ముగ్గురు పిల్లల్ని మారిట్ చూసుకుంటుందా, ఎంత ఇవ్వమంటారు అని అడిగింది.

“డబ్బుదేముందండీ, వద్దులెండి. దానికి పిల్లలంటే ఇష్టం,” అంది వెర్నా.

ఇక్కడ మా ఊరి పద్ధతి చెప్పాలి. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదట వద్దనాలి. వాళ్లు మళ్లీ అడగాలి, మళ్లీ వద్దనాలి. మూడోసారి అడిగాక, “మీరంతగా అంటుంటే,” అని పుచ్చుకోవాలి. హాల్వర్ అనే ఆయన చలికాలం సరస్సు మీద మంచుపలక విరిగి నీళ్లలో పడితే, తాడు వెయ్యమంటారా అని అడిగినవాళ్లకు రెండుసార్లు వద్దని చెప్పాడు. మూడోసారి అడిగేసరికి గడ్డం గడ్డకట్టుకుపోయి, తలాడించి సరిపెట్టుకోవలసి వచ్చింది.

చికాగోలో ఈ పద్ధతి లేదు. “ఎంత మంచివారండీ. చాలా థాంక్స్,” అని రోజలీ ఫోన్ పెట్టేసింది. వెర్నా రిసీవర్ చేతిలో పట్టుకుని, అందులోంచి రెండో ప్రశ్న వస్తుందేమోనని కాసేపు నిలబడింది.

మెట్ల మీద కూతురు చూస్తోంది. “ఎంతన్నావు అమ్మా?”

వెర్నా రూబార్బ్ వైపు తిరిగింది. “పోనీలే. ఇరుగుపొరుగు.”

మారిట్ వెళ్లడం మొదలుపెట్టింది. అయిదేళ్ల నికో, మూడేళ్ల కార్లా, ఒళ్లో పసిపిల్ల జీనా. మధ్యాహ్నం ముగ్గురూ నిద్రపోయాక ఇల్లంతా నీళ్లలో మునిగినట్టు ఉండేది. సరస్సు మీది వెలుగు కిటికీలోంచి వచ్చి గది పైకప్పు మీద అలలు అలలుగా కదిలేది. పసిదాని ఊపిరి మారిట్ మెడ మీద పడుతూ లేస్తూ ఉండేది. ఆ పిల్లలంటే మారిట్‌కు నిజంగానే ఇష్టం. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఆదివారం చర్చి బయట జోలీన్ మారిట్‌ను చూసి కూడా పక్కకు తిరిగింది.

“ఏమైందే?” అంది మారిట్.

“ఏమవుతుంది? ఎంగ్‌స్ట్రమ్ ఆంటీ వాళ్ల పిల్లల్ని చూసే పని నన్ను మానిపించింది. టోలెఫ్‌సన్ వాళ్లమ్మాయి ఊరికే చూస్తుంటే నీకు డాలరెందుకమ్మా అంది. నువ్వు పుణ్యాత్మురాలివి కదా, ఇంకో రెండిళ్లు కూడా ఊరికే చూసిపెట్టు, మేం చేపలు పట్టుకుంటాం.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మారిట్ ఫోర్కు కింద పెట్టింది. “ఫెరారో ఆంటీతో డబ్బు సంగతి నేను మాట్లాడతాను.”

“వీల్లేదు,” అంది వెర్నా. “వద్దని చెప్పాక మళ్లీ చెయ్యి చాపుతామా? మన గురించి ఏమనుకుంటారు?”

“వద్దని చెప్పింది నువ్వు. చేస్తున్నది నేను.”

ఆరిన్ గొంతు సవరించుకున్నాడు. “పోనీ నేను వెళ్లి…”

“మీరు వెళ్లి వానల గురించి మాట్లాడి వస్తారు,” అంది వెర్నా.

“పిల్లల్ని చూసుకోవడం కూడా ఒక పనేనటే?” వెర్నా కూతురి వైపు తిరిగింది. “మా అక్క పిల్లలు నలుగుర్నీ నేను పెంచలేదా? ఒక్క సెంటు అడిగానా?”

“అడగలేదు. అందుకే ఫిలిస్ పెద్దమ్మ ఇప్పటికీ, వెర్నాకేం, దానికి అప్పుడు వేరే పనేముంది అంటుంది. మొన్న పిక్నిక్‌లో కూడా అంది. నువ్వు పక్కనే ఉండి వాళ్లకు సలాడ్ వడ్డిస్తున్నావు.”

కిటికీ దగ్గర గుడ్రన్ చేతిలో అల్లిక సూదులు ఆగాయి.

“నేను రేపు వెళ్లను,” అంది మారిట్.

“నువ్వు వెళ్లకపోతే నేను వెళ్తాను. మాటంటే మాటే.”

“వెళ్తే వెళ్లావు గాని, ఆ కొత్త గౌను వేసుకుని మాత్రం వెళ్లకు,” అంది గుడ్రన్.

మర్నాడు వెర్నా వెళ్లింది, కొత్త గౌనులోనే. అత్తగారి మాట వినకూడదని కాదు, మొదట రెండుసార్లు కాదనడం అలవాటై. పది గంటలకల్లా నికో బీరువా మీదికెక్కి, దిగాలంటే పైనున్న దేశానికి తనను రాజుగా ఒప్పుకోవాలన్నాడు. వెర్నా ఒప్పుకుంది. కార్లా ముక్కులోంచి వెర్నా తీసిన బఠాణీలు ఇద్దరికి కూరకు సరిపోతాయి. పసిది మింగినదానికన్నా కక్కినదే ఎక్కువ. అది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

మధ్యాహ్నం ముగ్గురూ నిద్రపోయారు. వెర్నా కూర్చోబోయి కూర్చోలేకపోయింది. నికో దుప్పటి కాళ్లకు చుట్టుకుంది, తీసింది. కార్లా మంచం అంచుకు దొర్లింది, జరిపింది. పసిదాని ఊపిరి వినబడక వంగి చూసింది, వినబడింది. పైకప్పు మీద సరస్సు వెలుగు మెల్లగా ఊగుతోంది. దాన్నే చూస్తూ ఉంటే ఇంకో ఇల్లు, ఇంకో పైకప్పు కళ్లముందుకు వచ్చాయి. అక్క పొలంలోకి పోయింది. చంకలో ఒకడు, గౌను అంచు పట్టుకుని ఒకతె, తలుపు వెనక ఏడుస్తూ ఇద్దరు. కిటికీలోంచి తన ఈడు ఆడపిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని ఈతకు పోతున్నారు. అందరూ మంచిపిల్ల అన్నారు. అని, ఇంకో పిల్లను చేతికిచ్చారు.

రోజలీ ఇంటికి వచ్చేసరికి వెర్నా జుట్టులో గంజి ఎండిపోయి ఉంది.

“అయ్యో, మారిట్‌కు ఒంట్లో బాగాలేదా అండీ?”

వెర్నా మొదట వానల గురించి, తర్వాత రూబార్బ్ గురించి మాట్లాడింది. అప్పుడు గాని అసలు మాట రాలేదు. “ఆ రోజు ఫోన్లో నేను డబ్బు వద్దన్నాను.”

“అవునండీ.”

“మీరు మళ్లీ అడగాల్సింది.”

రోజలీ అర్థం కానట్టు చూసింది. “వద్దని చెప్పిన మనిషిని మళ్లీ ఎలా అడగనండీ? మా వీధిలో అయితే, నువ్వు అబద్ధం చెప్తున్నావు అన్నట్టు.”

“మా ఊళ్లో అడక్కపోతే, నువ్వు చేసినది ఏపాటిది అన్నట్టు.”

రోజలీ చేతిసంచీతో సహా బొమ్మల మధ్య నేలమీదే కూర్చుండిపోయింది. “అందుకా. రోజూ సాయంత్రం వెళ్లేటప్పుడు గుమ్మంలో కాసేపు నిలబడేది మీ అమ్మాయి. ఏదైనా మరిచిపోయావా తల్లీ అంటే, ఏం లేదాంటీ అని వెళ్లిపోయేది.”

వెర్నా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“ఎంతో చెప్పండి, ఇప్పుడే ఇస్తాను,” అంది రోజలీ.

“నేను చెప్పేది కాదు. పనిచేసిన మనిషిని పంపిస్తాను.”

సాయంత్రం తల్లీకూతుళ్లు ఇద్దరూ వెళ్లారు. ఫెరారో గారి వరండాలో మారిట్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వెర్నా పక్కనే నిలబడింది.

“ఒక బిడ్డకు గంటకు డాలరు. ముగ్గురు కాబట్టి డాలరున్నరండీ. నాదీ, జోలీన్ వాళ్లదీ, అందరిదీ ఇదే రేటు,” అంది మారిట్.

ఫెరారో గారు నోట్లోంచి పొగాకు పైపు తీసి, “నిద్రపోయే గంటలకు కూడానా?” అన్నారు.

“నిద్రపోయే గంటలకు ఇంకా ఎక్కువ అడగాలి,” అంది వెర్నా. “దానికింకా తెలియదు గాని, నాకు ఇవాళ తెలిసింది.”

ఆయన నవ్వి పైపు నోట్లో పెట్టుకున్నారు. “ఇన్నాళ్ల పనికి కూడా ఇస్తాం తల్లీ,” అంది రోజలీ. “లైబ్రరీకి వచ్చే తల్లులందరికీ మీ రేటు నేనే చెప్తాను. ఆ జోలీన్ వాళ్ల కోసం కూడా.”

“సరే ఆంటీ,” అంది మారిట్. మొదటిసారికే అంది. మా ఊళ్లో పుట్టినవాళ్లెవరూ అంతకుముందు అలా అనగా నేను వినలేదు.

ఇంటికి సరస్సు గట్టున నడిచి వస్తున్నారు. జూన్ నెల వెలుగు ఎంతకీ పోదు. నీళ్ల మీద ఏదో పక్షి పిలిచింది, చాలా దూరం నుంచి ఇంకోటి పలికింది.

“కోపం వచ్చిందా అమ్మా? నిన్న అలా అన్నందుకు.”

“లేదే.” వెర్నా తమాషాకు అడిగినట్టు అడిగింది. “ఫిలిస్ పిల్లలు నలుగురు. ఏడెనిమిదేళ్లు. నీ రేటు చొప్పున ఎంతవుతుందే?”

మారిట్ తమాషాగా తీసుకోలేదు. నడక ఆపి, నిజంగానే ఆలోచించింది.

“పగలేనా, రాత్రులు కూడానా?”

“రాత్రులు కూడా.”

“జ్వరాలొచ్చినప్పుడు?”

“అప్పుడే కదా ఎక్కువ.”

“అయితే పెద్దమ్మ ఇల్లు అమ్మాలి. ట్రాక్టరు అమ్మాలి. అయినా చాలదు. ఈ సరస్సు నీ పేరున రాసివ్వాలి, చేపలతో సహా.”

వెర్నా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒడ్డున బోర్లించి ఉన్న పడవ మీద కూర్చుంది. కూర్చున్నాక ఆ నవ్వు ఎక్కడ మారిందో మారిట్‌కు తెలియలేదు. భుజాలు కదులుతున్నాయి గాని నవ్వు వినబడడం లేదు. మారిట్ పక్కన కూర్చుని, గంజి వాసన ఇంకా పోని ఆ జుట్టు మీద చెంప ఆనించింది.

“చేపలతో సహానా?” అంది వెర్నా కాసేపటికి.

“చేపలతో సహా. ఒక్కటి కూడా తగ్గేది లేదు.”

వెర్నా గౌను అంచుతో కళ్లు తుడుచుకుంది. తల ఎత్తి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా సరస్సును ఒకసారి పారజూసింది, సాయంత్రం పూట సొంత పొలాన్ని చూసుకునే రైతులా.