బుడంకాయ దగ్గు

ఆ ఉదయం ఆకాశం ముఖం మాడ్చుకుని ఉంది. కురవదు, తెరిపి ఇవ్వదు. తోలు సంచులు కుట్టే అబ్బాయి ముఖమూ అలాగే ఉంది. వాళ్లమ్మ అతనితో మాట్లాడడం మానేసింది. దానికి కారణం పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ.

కిందటివారం తల్లీకొడుకులు దగ్గుతున్న బుడంకాయని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బుడంకాయ వాళ్లమ్మ పెంచిన కుక్క. పిల్లి కంటే చిన్నది, నోరు మాత్రం ఊరంత. బల్ల మీద పెట్టగానే అరుపులు లంకించుకుంది. డాక్టరమ్మ మెడపట్టీ పట్టుకోగానే కుక్క ఖంగుమని దగ్గింది. అంతే, ఆమెకి ఒళ్లు మండింది.

“ఈ తోలుపట్టీ ఎవరు కట్టారు?”

“నేనే కుట్టానండీ. ఇత్తడి మువ్వ కూడా…”

“అదొక్కటే తక్కువైంది! ఇంత చిన్న కుక్కకి గొంతు గొట్టం ఎంత మెత్తగా ఉంటుందో తెలుసా? మీ మెడకి ఎద్దు పగ్గం కట్టి లాగమంటారా?”

“లాగనప్పుడు కూడా దగ్గుతోందండీ. పడుకుంటే మరీ…”

“ముందు నేను చెప్పేది వినండి!”

అబ్బాయి ఇంటికొచ్చి తన కత్తితోనే పట్టీ కోసేశాడు. పట్టీ పోయింది గానీ దగ్గు పోలేదు. అది దగ్గిన ప్రతిసారీ వాళ్లమ్మ అతని వంక చూసేది. ఆ చూపు కంటే నాలుగు తిట్లే నయం. చెప్పాల్సినవన్నీ కుక్కతో చెప్పేది.

“ఒరేయ్ బుడంకాయ్, అన్నం చల్లారిపోతోందని ఆ కసాయివాడితో చెప్పు.”

మధ్యాహ్నానికి వాన దిగింది. తన కొట్లో సంచి కుడుతూ అతను తల ఎత్తితే, చూరు కింద వానకి ఆగిన డాక్టరమ్మ. గొడుగు మీంచి నీళ్లు కారుతున్నాయి. కన్నార్పకుండా చూస్తోంది. ఎంత కోపంలో ఉన్నా అతని చెయ్యి జుట్టు సర్దుకుంది. తీరా చూస్తే ఆ చూపు తన మీద కాదు. తోలుముక్కల మీద నిద్రపోతున్న బుడంకాయ మీద.

“ఏం చూస్తున్నారు? ఇంకా ఎవరి గొంతైనా నులిమానేమోననా?”

“మాట్లాడకండి.”

“నా కొట్లో నన్నే…”

“అబ్బ, నోరు మూసుకోండి! లెక్క తప్పుతోంది.”

కుక్క డొక్కలు ఎగిసిపడడం లెక్కపెడుతోంది ఆమె. గొడుగు పక్కన పడేసి, తడినేల మీదే మోకాళ్లూని, స్టెతస్కోప్ పెట్టింది. నిద్రలో అరుపుల్లేవు. చాలాసేపు విన్నది. తల ఎత్తేసరికి ఆమె కోపం అతని మీంచి తన మీదకే మళ్లింది.

“దీనికి వయసెంత?”

“పదకొండు దాటింది.”

“చిన్నప్పుడు కుంటేదా?”

“ఉన్నట్టుండి మూడు కాళ్ల మీద గెంతేది. మళ్లీ ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది.”

“మోకాలి చిప్ప జారడం. తర్వాత పళ్లు?”

“నడివయసులోనే సగం ఊడాయి.”

“ఈ బుల్లి జాతుల్లో చాలావాటికి ఇదే వరస. పిల్లప్పుడు మోకాలు, నడివయసులో పళ్లు, ముసలితనంలో గుండె. దీని గుండెలో తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు. నెత్తురు వెనక్కి తన్నుతోంది. చదువుకున్నదాన్నే! పడుకుంటే దగ్గుతోందని మీరు చెబుతూనే ఉన్నారు, నేను వినిపించుకోలేదు. ఛీ!”

“అయితే పట్టీ వల్ల కాదా?”

“మెడపట్టీ వీటికి మంచిది కాదు, అది నిజమే. ఈ గుండె మాత్రం మీరు పాడుచేసింది కాదు.”

ఆ మాటకి అతని గుండె తేలికపడాల్సింది. మండిపోయింది.

“వారం నుంచి మా ఇంట్లో నేను కసాయివాణ్ణి! తప్పు నాది కాదన్న ముక్క మా అమ్మతో చెప్పండి. ఇప్పుడే, నా ఎదురుగా.”

“పదండి! నేనేం పారిపోతున్నానా?”

కొట్టు వెనకే ఇల్లు. వాళ్లమ్మ గరిటె పట్టుకుని అంతా విన్నది.

“బతుకుతుందా?” అంది చివరికి.

“పూర్తిగా నయం కాదమ్మా. మాత్రలు వేస్తే కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. ఎన్నాళ్లో చెప్పలేను. పెద్దాసుపత్రిలో గుండె పరీక్ష చేయించాలి. నేనే వెంట వస్తాను.”

“ఏం అమ్మాయ్, నీ నోటి దురుసుకి కన్నకొడుకుని కుక్కచేత తిట్టించానే!” కొడుకు వైపు తిరిగింది. “నీకేం నోరు లేదట్రా?”

“ఎవరు విన్నారు గనక!”

“సరిపోయారు ఇద్దరూ. చేతులు కడుక్కోండి.”

కుళాయి దగ్గర అతను గొణిగాడు. “నా కోపం ఇంకా పోలేదు.”

“పోనివ్వకండి. రోజూ వచ్చి చూస్తాను.”

“కుక్కనా, కోపాన్నా?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “ఛాతీకి తగిలించే పట్టీ కుట్టండి. కొలతలప్పుడు నేను పట్టుకుంటాను.”

“కరుస్తుంది.”

“మీకంటేనా!”

డాక్టరమ్మ తన సంచీలోంచి మాత్ర తీసి, అన్నం ముద్దలో దాచి కుక్కకి పెట్టింది. బుడంకాయ తిని, గడప పక్కన పడుకుంది. ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. అందరి చెవులూ గడప వైపే ఉన్నాయి.

బుడంకాయ ఒకసారి దగ్గింది. మూడు చేతులూ ఆగాయి. అది ఒత్తిగిలి మళ్లీ నిద్రలోకి జారింది.

వాళ్లమ్మ కొడుకు కంచంలో ఒక గరిటె కూర వేసింది. డాక్టరమ్మ కంచంలో రెండు వేసింది.