ఈరవ్వ వేలిముద్ర

బోధన్ రాకాసిపేటలోని ఆ ఇంట్లో తెల్లవారితే ముందు వినిపించేది ఈరవ్వ కత్తెర చప్పుడే. ఒడిలో చాట, చాటలో బీడీలు చుట్టే తునికాకు, తంబాకు. ఎదురుగా ఆమె కొడుకు దేవిదాస్ ఫోన్‌లో తలదూర్చి కూర్చున్నాడు. ఆఫీసుల ముందు జనానికి అర్జీలు రాసిపెట్టడం అతని పని. అతని అర్జీ చదివితే ఆఫీసర్లకు కళ్లనీళ్లు వస్తాయని ప్రతీతి. నవ్వాపుకోలేక వస్తాయని కొందరి వాదన.

అతని కూతురు వినీత బెంగళూరు కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. మార్కులతో పాటు తన గురించి, తన ఇంటి గురించి ఒక వ్యాసం పంపాలట. ఈ మధ్యాహ్నమే గడువు. టైపు చేసిపెట్టమని తను రాసిన కాగితం నిన్న తండ్రికిస్తే, ఆయనగారు ఆ వ్యాసానికి పెద్ద వేషమే కట్టాడు.

"పోరి నా గురించి రాసిందట గద. సదువురా, ఇంట," అంది ఈరవ్వ.

"ఇంగ్లీషుల ఉందవ్వ."

"నీ నోట్ల తెలుగు లేదా?"

తప్పలేదు. తెలుగులో చెప్పసాగాడు. "దేశసేవ నా ఊపిరి. మా బాపమ్మ రిటైర్డ్ టీచర్. నాలో విజ్ఞానజ్యోతి వెలిగించింది ఆమెనే..."

కత్తెర ఆగింది. "ఎవల్రా ఆ టీచరమ్మ?"

"నువ్వే అవ్వ."

"సంతకం రాని టీచరమ్మనా?"

"పెద్ద కాలేజీ అవ్వ. ఆడ బీడీలంటే ఎట్లుంటది? జెర మంచిగ కనవడాలె గద."

బీడీల అవ్వను ఒక్క అక్షరంతో బీఈడీ టీచరమ్మను చేశానని నిన్నంతా మురిసిపోయిన దేవిదాస్ ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాడు.

అప్పుడే తడి జుట్టుతో వచ్చిన వినీత, ఫోన్ తీసుకుని చదివింది.

"బాపు, నేను రాసిందేది?"

"తీసేసిన బిడ్డ. నీ సీటు కోసమే."

"గిట్ల సీటొస్తె ఆ టీచరమ్మ మనుమరాలికి అస్తది. నాకు గాదు."

"ఊకో బిడ్డా," అంది ఈరవ్వ, తంబాకు దులుపుకుంటూ. "మీ బాపుకు అలవాటే. ఏడో తరగతిల ఫారం నింపుకుంట, తల్లి పని కాడ ఏమీ లేదని రాసిండు. సారు ఫారం నాకు సదివి ఇనిపిచ్చిండు, నా చేతులు సూసిండు. ఏమనలే. నేను గూడ ఏమనలే."

దేవిదాస్ తల వాలిపోయింది. ఆ ఫారం సంగతి అవ్వకు తెలియదనే ఇన్నేళ్లూ అనుకున్నాడు.

జేబులోంచి కూతురి కాగితం తీసి, మడత విప్పి, మెల్లగా తెలుగులో చెబుతూ చదివాడు. "మా బాపమ్మ వేలిముద్ర రేషన్ దుకాణం మిషన్‌కు పడదు. బీడీలు చుట్టి చుట్టి వేలిగీతలు అరిగిపోయినయి. ప్రతి నెల ఆమె పక్కన నిలబడి, ఈమె మా బాపమ్మేనని చెప్పేది నేను..."

అక్కడే ఆగిపోయాడు. ఊరందరి గోడూ రాసిన చేతికి ఈ వేలు ఒక్కనాడూ తగల్లేదు.

"ఆగినవేందిరా?"

దేవిదాస్ కూతురి మాటలను ఒక్క కామా కదపకుండా టైపు చేశాడు. దరఖాస్తులో కుటుంబ వివరాల దగ్గర ఆగి అడిగాడు. "ఎన్నేండ్ల సంది చేస్తున్నవవ్వా బీడీలు?"

"నువ్వు పుట్టకముందు సంది."

అదే రాశాడు. వినీత కళ్లు తుడుచుకుని పంపేసింది.

"ఈ నెల రేషన్‌కు నేనొస్త అవ్వ."

"నువ్వొస్తె మిషన్ గుర్తువడుతదా?"

"పట్టకపోతె నేను చెప్త."

"ఏం చెప్తవ్?"

దేవిదాస్ తల్లి వేలు పట్టుకున్నాడు. గాజులా నున్నగా ఉంది.

"మా అవ్వ అని."