దుర్భిణిలో నిటారుగా

నర్సింగం దుర్భిణిలో లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఎత్తుపల్లాలు కొలిచే పాత మిషన్ల తీరే అంత. "తలకిందులుగా చూడాలంటే ఆఫీసర్లకు మిషన్ అక్కర్లేదు, మనకే కావాలె" అని అతని పరాచికం. ఎనభైల మొదట్లో గోదావరి ఒడ్డు పల్లెల్లో వరద ఎంతవరకు ఎక్కుతుందో పటం గీసే పని అతనిది. విమానంలోంచి తీసి హైదరాబాదు నుంచి పంపిన ఫొటోలు ముందు పెట్టుకుని, ఒక్కో ఇంటి ఎత్తు కొలిచి, మునిగేవాటి చుట్టూ గీత గీయాలి.

కిందటి ఊళ్లో ఒక జాలరి మాత్రం దుర్భిణిలో నిటారుగా కనిపించాడు. అద్దం చెడిందనుకుని నర్సింగం తుడుచుకున్నాడు. మర్నాడు ఆ జాలరి శవమై తేలాడు. అంతకుముందు ఊళ్లో ఒక ముసలామె అలాగే కనిపించింది. ఆమెనూ ఏరే మింగింది.

ఇప్పుడు నర్సింగం వచ్చింది అక్క పూలమ్మ ఊరికి. మబ్బు కమ్మి గాలి ఆగిపోయింది. ఒండ్రు వాసన, చేపల నీచు వాసన కలిసి ముక్కు పట్టేస్తున్నాయి. బావ యాకయ్య అంకెల కర్ర పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. నర్సింగం దుర్భిణికి కన్ను ఆనించాడు. బావ తలకిందులుగా ఉన్నాడు. ఇల్లు తలకిందులుగా ఉంది. గడపలో చాట పట్టుకున్న అక్క...

నిటారుగా ఉంది.

నర్సింగానికి పై ప్రాణాలు పైనే పోయాయి. తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఇప్పుడే నాతోని రా. వరంగల్ పోదాం."

"నీకేమైందిరా? గోదారి ఇంకా కిందనే ఉన్నది గద. ఫికర్ చెయ్యకు."

"నీ కాల్మొక్త... జర నా మాట ఇను."

తమ్ముడు పట్టిన చెయ్యి వదలకపోయేసరికి ఆమె కాదనలేకపోయింది. దీపాల వేళకు వరంగల్ మట్టెవాడలోని అతని ఇల్లు చేరారు. గోదావరి ఎక్కడ, మట్టెవాడ ఎక్కడ! ఆ వీధిలో నల్లా నీళ్లకే కటకట. నర్సింగం ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పడుకోబోతూ పూలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ... నీ ఇంట్ల గీ సప్పుడేంది? ఏరు పారినట్టు..."

అతనికేమీ వినిపించలేదు.

"కాజీపేట దిక్కు రైలు పోతాంది, అంతే. పండుకో అక్కా."

తెల్లారి లేపితే లేవలేదు. పక్క పొడిగా ఉంది. చీర పొడిగా ఉంది. దవాఖానలో డాక్టరు ఛాతీ మీద ఒత్తాడు. నోట్లోంచి నీళ్లు వచ్చాయి... ఎర్రటి నీళ్లు... ఇసుకతో. ఒత్తడం ఆపినా ఆగలేదు.

గోదావరి ఆ ఏడు పొంగనే లేదు. "నా ఇంట్ల ఉంటే బతికేదేమో" అని యాకయ్య ఒక్క మాట అని వెళ్లిపోయాడు. నర్సింగం దుర్భిణిని ఆఫీసులో అప్పజెప్పి, మళ్లీ ఆ పనికి పోలేదు.

ఎండాకాలం వచ్చింది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో కూడా, మట్టెవాడలో ఆ ఇంటి దండెం మీద ఆరేసిన బట్టలు ఆరడం లేదు.