పన్నెండో నంబరు

"అస్వాన్‌లో గొడుగుల కొట్టు పెట్టింది మీరేనా?"

షౌకీ ఔనన్నాడు. అలెగ్జాండ్రియాలో ఆ వీధికంతా తెలిసిన సంగతే.

"అక్కడ వాన పడదు కదండీ!"

"అందుకే పోటీ ఉండదనుకున్నాను."

ఆ వీధిలో చీటీలు నడిపే ఇనాస్ నవ్వు దాచుకోవడానికి చీటీల పుస్తకం తెరిచింది. పన్నెండు మంది, నెలకు వెయ్యి పౌండ్లు. పాట లేదు, వడ్డీ లేదు. నెలకొకరికి పన్నెండు వేలు.

షౌకీ దివాలా తీసి రెండేళ్లయింది. కోర్టు సరుకంతా వేలం వేసింది. మూడు వందల గొడుగులను ఓ పెళ్లిళ్ల కాంట్రాక్టరు ఎండకు నీడగా వాడదామని కొన్నాడు. ఆ ఆలోచన షౌకీకి రాలేదు. ఇప్పుడు ఫిక్రీ గారి బల్బుల షాపులో జీతానికున్నాడు. గొడుగులు బాగుచేసే చిన్న కొట్టు పెట్టాలని ఉంది. అప్పిచ్చేవాడు లేక చీటీలో చేరడానికి వచ్చాడు.

"మీకు చివరి నంబరే ఇస్తాను," అంది ఇనాస్. "అందరికీ కట్టాకే మీకొస్తుంది. ముంచి పారిపోవడానికి వీల్లేదు."

"చాలు."

ప్రతి శుక్రవారం రెండు వందల యాభై తెచ్చేవాడు. ఇనాస్ లెక్కపెట్టేది. వాళ్లమ్మ టీ ఇచ్చేది. అలెగ్జాండ్రియాలో వానలు చలికాలంలోనే; ఓ శుక్రవారం తడిసి వచ్చాడు.

"గొడుగేదీ?"

"కోర్టు తీసుకుంది."

పన్నెండో నెల ఇనాస్ డబ్బు చేతిలో పెట్టింది. "కొట్టు ఎక్కడ పెడతారు?"

"ఇక్కడే. వాన పడుతుందని కనుక్కున్నాను."

టీ చల్లారింది. షౌకీ లేవలేదు.

"కొత్త చీటీ మొదలుపెడుతున్నా. మొదటి నంబరు మీది," అంది ఇనాస్.

వంటింట్లో గ్లాసు జారిన చప్పుడు. ఆ వీధిలో మొదటి నంబరు సొంత మనుషులకే ఇస్తారు. దివాలా తీసినవాడికి ఎవరూ ఇవ్వలేదు.

"వద్దండీ, చివరిదే ఇవ్వండి. మొదటిదైతే రెండో నెల నుంచి ఇక్కడికి రావడానికి నాకు పనేముంటుంది?"

"ఏ నంబరైనా పన్నెండు నెలలూ కట్టాలి! ఏడాది కట్టి ఇదీ తెలీదా? ఇందుకే మునిగారు." ఇనాస్ పుస్తకం మూసింది. "ఇంకోటి. ఫిక్రీ గారు మా చీటీలోనే ఉన్నారు. మీకు ఒకటో తారీఖునే జీతమంతా ఇస్తానన్నారు. మరి నాలుగు వాయిదాలెందుకు?"

షౌకీ కిటికీ వైపు చూశాడు. బయట వాన.

"నెలకు నాలుగు శుక్రవారాలు కదండీ."

"ఐదు శుక్రవారాలొచ్చిన నెలలో కూడా వచ్చాడే, అదెందుకట?" వంటింట్లోంచి తల్లి గొంతు.

"చిల్లర ఉందేమో అడుగుదామని..."

తల్లి పళ్లెంతో వచ్చింది.

"ఈ వాయిదాలు ఇంక చాలు నాయనా. మీ అమ్మను తీసుకుని ఒక్కసారే రా. ఈసారైనా గొడుగు తెచ్చుకో."