మూడో మోటారు గీత

నవ్వకు. దెయ్యాల్లేవని నవ్వే నీలాంటివాళ్ళే, పని సగంలో వదిలేసి అంతా అయిందని సంతకం పెడతారు. నోరు మూసుకుని విను.

నీళ్ళ పంపుహౌసులో మూడో మోటారు ఉండే మూలకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళేవారు కాదు. అక్కడ బేరింగు పగిలి ఫిట్టరు చచ్చిపోయాడు. ఆ తర్వాత మోటారు పీకేశారు, సిమెంటు దిమ్మ ఒక్కటే మిగిలింది. అయినా రాత్రుళ్ళు రెండో మోటారు వేస్తే చాలు — లేని మూడోదాని గీత కూడా మోటార్ల అదురు చూపించే స్క్రీను మీద కొట్టుకునేదట...

ఆ అదురు కొలిచి స్క్రీనుకి పంపే బోర్డు తయారుచేసింది ఫిట్టరు చెల్లెలి మొగుడే. సెకనుకి పది లక్షల రీడింగులు తీస్తుందని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి. "మోటారు బాగుందనే నా బోర్డు చూపించింది, ఫిట్టరే ఏదో కెలికుంటాడు" అని ఎంక్వయిరీలో చెప్పిందీ అతనే. తప్పంతా చచ్చినవాడి నెత్తిన పడింది.

ఒక రాత్రి, అక్కడ ఆపరేటరుగా చేస్తున్న చిన్న బావమరిది, అంటే ఫిట్టరు తమ్ముడు, అతన్ని పిలిపించాడు.

స్క్రీను మీద మూడో గీత... కొట్టుకుంటోంది.

"అన్నయ్యే బావా," గొణిగాడు ఆపరేటరు. "ఎక్కడికీ పోలేదు."

"బతికుండగా నాతో ఒక్క మాట మాట్లాడితే గొప్ప. ఇప్పుడొచ్చి కబుర్లాడతాడా మీ అన్న?"

అంటూనే టార్చి పట్టుకుని దిమ్మ దగ్గరికి నడిచాడు. అదురు పట్టే సెన్సారు లేదు. ఉత్త వైరు కొస వేలాడుతోంది.

"రెండోది ఆపు."

మోటారు చప్పుడు తగ్గింది. రెండో గీత వాలింది... దాంతోపాటే మూడోదీ వాలింది.

అప్పుడు అర్థమైంది అతనికి.

బోర్డు మీది చిప్పు లోపల కొలత పట్టే గిన్నెలాంటిది ఒక్కటే. మూడు సెన్సార్లూ వంతులవారీగా దాన్నే నింపాలి. ఒకదాని మిగులు పోయి ఇంకోదాని కొలత చేరడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి. వేగం ఎక్కువ చూపించుకోవాలని ఆ వ్యవధిని కోసేసింది తనే. వైరు ఊడితే సున్నాకి పడాల్సిన మూడో గీత, రెండోదాని మిగులునే చూపిస్తోంది.

మరి ఆ రాత్రి...?

పాత రికార్డు తెరిచాడు. ప్రమాదానికి గంట ముందు నుంచీ రెండో గీత, మూడో గీత కవలల్లా ఉన్నాయి. అదురుకి వైరు ముందే ఊడిపోయింది. మూడో మోటారు చావబోతుంటే, బోర్డు రెండోదాని ఆరోగ్యం చూపించింది.

"మీ అన్న... మోటారు దగ్గరికెళ్ళే ముందు స్క్రీను చూసేవాడా?"

"చూడకుండా అడుగేసేవాడు కాదు బావా. నీ బోర్డంటే అంత గురి."



తెల్లవారాక అతను జరిగిందంతా కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాడు. ఉద్యోగం పోయింది. అది చిన్న సంగతి. ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు — మొగుడి మాట నమ్మి సొంత అన్ననే తిట్టుకున్న మనిషికి. ఆవిడ ఏడవలేదు, కేకలెయ్యలేదు.

ఈనాటికీ వేళకి భోజనం పెడుతుంది. "ఏమండీ" అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.