మణిమాల దాకా రాని పళ్ళెం

"అమెరికా అయితే ఏటి? పైనున్న నలుగురే అన్నీ తేల్చీస్తారు. ఓటు ఉట్టి ముచ్చట. ఎలీట్ థియరీ అంటే అదే," అన్నాడు సూరి, టీ కప్పు కింద పెట్టి.

"ఆ నలుగురికీ ఎదురుగా నలబై గుంపులు లెగుస్తాయి. అడుగుతాయి, బేరమాడతాయి. అది ప్లూరలిజం! పుస్తకం సదివినావా, అట్ట సూసినావా, కో సూరి?" అంది మణిమాల.

మామూలుగా ఆమె "సూరీ" అనే అంటుంది. ముందు ఆ బర్మా "కో" తగిలించి మర్యాద ఇచ్చిందంటే ఒళ్ళు మండిందన్నమాట. అప్పుడు ఆమె ముక్కు కొస ఎర్రబడుతుంది. అది చూడ్డానికే మన సూరి వాదన పొడిగిస్తాడని రంగూన్ పేట పజుండౌంగ్‌లో ఆ టీ కొట్టు పిల్లికి కూడా తెలుసు.

ఇద్దరిదీ ఒకే ట్యూషన్ సెంటర్. అమెరికన్ డెమోక్రసీ గురించి సోమవారం క్లాసులో ఇద్దరూ కలిసి మాట్లాడాలి.

"ఇలా కొట్టుకుంటే ప్రెజెంటేషన్‌కి ముగింపేటి?" అన్నాడు సూరి.

"ఉన్నాది. అక్కడోళ్ళు ఎంత కొట్టుకున్నా కొన్ని మాటలు అందరూ నమ్ముతారట. మనిషిని అడక్కుండా ఆ మనిషి మీద పెత్తనం సెయ్యకూడదు, అలాటివి. పొలిటికల్ కల్చర్ అంటే అదేనట." మణిమాల గొంతు తగ్గింది. "ఆదివారం మా ఇంట్లో పళ్ళెం తిరుగుతాది, సూరీ. నది అవతల తన్లిన్ ఊరి సంబంధం."

సూరి టీ కప్పు ఎత్తబోయి మానేశాడు. ఆ వీధి తెలుగువాళ్ళకి బర్మావాళ్ళ దగ్గర అబ్బిన పద్ధతి ఒకటుంది. సంబంధం కుదిరితే ఊరవేసిన తేయాకు, అదే లపెట్, పచ్చిమిరపకాయలతో పళ్ళెంలో పెట్టి పెద్దలు తలా చిటికెడు తింటారు. తిన్నారంటే ఒప్పుకున్నట్టే. ఆ పళ్ళెం పెళ్ళికూతురి దాకా ఎప్పుడూ రాలేదు.

"పెద్దోళ్ళు అనుకున్నాక మనమేటి సేస్తాం?" అన్నాడు, పిచ్చి మొహం.

"ఓహో! సేతకానితనానికి ఎలీట్ థియరీ అని ఇంగ్లీషు పేరెట్టుకున్నావన్నమాట. బాగుంది, కో సూరి గారూ!"

అలా అని వానలోకి వెళ్ళిపోయింది. ఆమె గొడుగు కుర్చీకి వేలాడుతూనే ఉంది.

ఆదివారం ఆ గొడుగు పట్టుకునే వెళ్ళాడు సూరి. హాల్లో తన్లిన్ వాళ్ళు కూర్చున్నారు. మణిమాల తాత కూర్మనాథం అప్పుడే పళ్ళెం ఎత్తాడు.

"గొడుగిచ్చీడానికొచ్చినాను తాతా," అన్నాడు సూరి. "ఆ పళ్ళెం మణిమాలకి కూడా ఇవ్వండి."

"అడగడానికి నువ్వెవురివిరా?" అంటూ లేచాడు ఆమె తండ్రి అప్పలస్వామి.

"ఎవుర్నీ కాను మావయ్యా. మణి తింటే ఈ గొడుగెట్టీసి ఎలిపోతాను. నాకు మణి అంటే ఇష్టం. ముందే సెప్పాల్సింది. బయపడ్డాను."

కూర్మనాథం మీసంలో నవ్వుకున్నాడు. "నా పెళ్ళికి మీ నానమ్మని ఎవురూ అడగనేదు. ఈనాటికీ దెప్పుతాది," అని పళ్ళెం గుమ్మం దగ్గర నిలబడ్డ మనవరాలి చేతిలో పెట్టాడు.

మణిమాల తన్లిన్ వాళ్ళ వైపు తిరిగింది. "మీరు మంచోళ్ళే. నాకే ఇష్టం నేదు. సెమించండి."

పెళ్ళికొడుకు తల్లి కొంగు సర్దుకుంది. "పెళ్ళయ్యాక తెలిసేకన్నా నయమే కదమ్మా," అని లేచింది. వాళ్ళు మర్యాదగానే వెళ్ళిపోయారు.

అప్పుడు మణిమాల పళ్ళెం సూరి ముందు పెట్టింది. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేరం మిరపకాయ మీదకు నెట్టేశాడు. మణిమాల తింది, తాత తిన్నాడు. తాత ఆ పళ్ళెం కొడుకు ముందు పెట్టాడు.

"బలవంతం నేదు అప్పలస్వామీ. అడుగుతున్నాను, అంతే."

అప్పలస్వామి కూతురి మొహం చూశాడు. ఆ ముక్కు కొస ఎర్రగా ఉంది, కానీ కోపంతో కాదు. మెల్లగా ఆయన చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది.

వాకిట్లో వాన మళ్ళీ పడుతోంది. "రేపు క్లాసులో ఎలీట్ థియరీ ఎవురు సెప్తారో?" అంది మణిమాల.

"నాను సెప్పను. నాకు నమ్మకం పోయింది."

"అయితే గొడుగు నువ్వే ఉంచుకో. తడుస్తావు, సూరీ."

ముందు "కో" లేదు.