మేలుకునే ఉన్నాను

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బంకర్‌లో ఒకడు మేజోడు చిరుగు కుట్టుకుంటున్నాడు. ఇద్దరు పేకాడుకుంటున్నారు, ఓడినవాడు గిన్నెలు తోమాలని పందెం. ఇంకొకడు తడి బూట్లు స్టవ్ దగ్గర ఆరబెట్టి, ఆ కంపుకి అందరి చేతా తిట్లు తింటున్నాడు. కాల్బలం వాళ్ళకి అంతకంటే సుఖమైన గంట ఉండదు.

హవల్దారు ఒక్కడే తలుపు దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. మనిషి ఆరడుగుల పైనే. ఏ బంకర్‌లోకి వెళ్ళినా దూలానికి తల కొట్టుకుంటాడు కాబట్టి పటాలంలో అందరూ పొడుగన్న అంటారు. రెండేళ్ళ తర్వాత ఈ కొండకి మళ్ళీ వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ చక్కగా ఎండ కాసింది. ఈ వేళ రెండింటికి లోయలోంచి పొగమంచు లేచింది.

మంచు కమ్మితే పక్కవాడు కూడా కనపడడు. గొంతెత్తి పిలిస్తే అవతలి కొండ మీది శత్రువు వింటాడు. అందుకని అక్కడో పద్ధతి ఉంది. ముందు గోతిలో ఒకడు, నలభై అంగల వెనక ఇంకో గోతిలో మరొకడు కాపలా కూర్చుంటారు. ఇద్దరి మణికట్లకీ ఒకటే తాడు. రెండుసార్లు లాగితే ‘మేలుకున్నావా’ అని. ఒకసారి లాగితే ‘మేలుకునే ఉన్నా’ అని. ఆపకుండా లాగితే ప్రమాదం వచ్చిందని.

ముందు గోతికి ఆ వేళ వంటాయన వంతు. వెనక గోతిలో కూర్చోవాల్సినవాడికి ఒళ్ళు కాలిపోతోంది. నేను వెళ్తాలే అని పొడుగన్న తుపాకి తీసుకుని లేచాడు. ఎంత మంచివాడో అనుకున్నారు అందరూ. ఆ గోతి వైపు కన్నెత్తి చూడకుండా నాలుగు రోజులు తప్పించుకు తిరిగినందుకు తన మీద తనకే రోత పుట్టి లేచాడని వాళ్ళకి తెలియదు.

రెండేళ్ళ కిందట ఇలాంటి మంచులోనే అతను ఆ గోతిలో కూర్చున్నాడు. ముందు గోతిలో ఉన్నది ప్రాణస్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఆకు కదిలినా కళ్ళు తెరిచే మనిషని పటాలం అతనికి గుడ్లగూబ అని పేరు పెట్టింది. ఆ రోజు తాడు ఆపకుండా కదిలింది. భయంతో పొడుగన్న లేవలేకపోయాడు. తాడు మణికట్టుని ఒరుసుకుపోతుంటే ముడి విప్పేశాడు. అది జరజరా పాకుతూ మంచులోకి వెళ్ళిపోయింది. అటు నుంచి ఒక్క కేక వినిపించి ఆగిపోయింది.

గుడ్లగూబని శత్రువులు ఈడ్చుకుపోయారు. మూడో రోజు లోయలో శవం దొరికింది. ఇప్పుడున్న కెప్టెనే అప్పుడూ ఆ కొండ మీద అధికారి. తాడు కదిలిందా అని విచారణలో అడిగాడు. కదల్లేదు సార్ అన్నాడు పొడుగన్న. అంతే. కాపలాలో నిద్రపోయి ప్రాణం పోగొట్టుకున్నాడని రాశారు. అమరుల పలక మీద అతని పేరు చెక్కలేదు. పొడుగన్నకి ఆ ఏడే హవల్దారుగా పైమెట్టు దక్కింది.

తర్వాత గుడ్లగూబ భార్య ఉత్తరం రాసింది. “అన్నయ్యా, మీరు పక్కనే ఉన్నారు కదా. ఇంట్లో పిల్లి నడిచినా లేచేవాడు. నిజంగానే నిద్రపోయాడా?”

పొడుగన్న జవాబు రాశాడు. “అవునమ్మా.”

ఆ మాట రాసిన చేత్తో అన్నం కలుపుకోవడానికి అతనికి ఇప్పటికీ సిగ్గే.

గోతిలో తడి మట్టి వాసన. మంచు తెల్లగా, బరువుగా గోతి అంచు మీదుగా లోపలికి దిగింది. ఎక్కడో నీటి చుక్క రాతి మీద పడుతోంది. టప్... టప్... వంటాయన పావుగంటకోసారి రెండుసార్లు లాగుతున్నాడు, పొడుగన్న జవాబిస్తున్నాడు.

నాలుగోసారి జవాబిచ్చాక కూడా తాడు కదిలింది. మళ్ళీ జవాబిచ్చాడు. మళ్ళీ కదిలింది. ఇక ఆగలేదు.

అతని వేళ్ళు వాటంతటవే ముడి మీదికి వెళ్ళాయి. వెళ్ళినందుకు తల కొట్టేసినట్టయింది. చేతిని గట్టిగా వెనక్కి లాక్కుని, గోతిలోంచి బయటికి పాకాడు. తాడు పట్టుకుని ఒక్కో అంగే ముందుకి. పది అంగలు... ఇరవై...

అక్కడ తాడు వంపు తిరిగింది.

ముందు గోతికి పోవాల్సిన తాడు ఎడమకి తిరిగి లోయలోకి దిగుతోంది. బిగుసుకుని ఉంది. ఎదురుగా ముందు గోతి వైపు నుంచి వంటాయన సన్నగా దగ్గిన చప్పుడు వినిపించింది. అంటే వంటాయన అక్కడే ఉన్నాడు. మరి ఈ కొస...

తుప్పు వాసన వచ్చింది. తడిసిన కంబళి వాసన కూడా.

తాడు ఆగింది. తర్వాత మెల్లగా, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు, రెండుసార్లు కదిలింది.

మేలుకున్నావా?

పొడుగన్న ఒక్కసారి లాగాడు. ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది.

“ఆ రోజూ మేలుకునే ఉన్నాను బావా. భయపడ్డాను. తాడు విప్పేసింది నేనే.”

ఆ మీదట చెవి పక్కనే, చల్లగా, పాత చనువుతోనే వినిపించింది.

“నాకు తెలుసులే బావా. నాకెందుకు చెప్తావు?”

తాడు వదులైంది. దాన్ని పట్టుకుని మళ్ళీ పాకితే, ఈసారి అది తిన్నగా ముందు గోతి దగ్గరికే తీసుకెళ్ళింది. వంటాయన తల పైకెత్తి, ఏమైందన్నా అని గుసగుసగా అడిగాడు. తాను పావుగంటకోసారి తప్ప లాగలేదన్నాడు.

కాపలా మారగానే పొడుగన్న కెప్టెన్ బంకర్‌కి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాడు. చెప్పినంతసేపూ నేలనే చూశాడు. కెప్టెన్‌కి కోపం రాలేదు. రెండేళ్ళ నాటి సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావన్నాడు. ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా వెళ్తావన్నాడు. వెళ్తాను సార్, ఆ అమ్మాయికి అబద్ధం రాశాను, అన్నాడు పొడుగన్న. కెప్టెన్ అయిష్టంగానే కాగితం, కలం ముందుకి తోశాడు.

రెండు పేజీలు రాశాడు. కింద సంతకం పెట్టి ఇచ్చాడు. కెప్టెన్ దీపం దగ్గరికి జరుపుకుని చదివాడు. రెండో పేజీ చివరికి వచ్చేసరికి అతని పెదవులు కదలడం మానేశాయి.

“ఇది... ఎందుకు రాశావు?”

పొడుగన్న వంగి చూశాడు. తన సంతకం కింద ఇంకో వాక్యం ఉంది. అక్షరాలు తనవే. సిరా ఇంకా ఆరలేదు. అది మాత్రం అతను రాయలేదు.

‘ఆ రోజు నేను పెట్టిన కేక మీరూ విన్నారు కదా సార్.’

కెప్టెన్ తల తిప్పి తలుపు వైపు చూశాడు, మళ్ళీ పొడుగన్న వైపు చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“నేను విన్నానని...” అన్నాడు, వినీ వినపడకుండా. “నీకెవరు చెప్పారు?”